నాగలి పట్టిన భీం

కుమురం భీం అనగానే మనందరికీ తుపాకీ పట్టుకున్న విగ్రహమే గుర్తొస్తుంది. చౌరస్తాల్లో, ఆఫీసుల ముందు ఆ రూపాన్నే చూస్తూ పెరిగాం. అది నిజమైన రూపమే. కానీ ఆ చేతులు తుపాకీ పట్టింది చివరి కొన్నేళ్ళే. అంతకు ముందు నాగలి పట్టాయి, తేయాకు తోటల్లో కూలి చేశాయి, రాత్రిపూట అక్షరాలు దిద్దాయి. ఈసారి మన యువతకు ఆ కష్టజీవి గురించి, ఇంటి మనిషి గురించి చెప్పాలనుకున్నాం.

భీం ఆసిఫాబాద్ ప్రాంతంలోని సంకేపల్లిలో గోండు కుటుంబంలో పుట్టాడు. నిజాం ప్రభుత్వం అడవికి హద్దులు గీసిన కాలమది. పశువులు మేపితే పన్ను, వంటచెరకు తెచ్చుకుంటే పన్ను. తండ్రి చిన్ను అటవీ సిబ్బంది చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. అప్పటికి భీంకు పదిహేనేళ్ళుంటాయని పెద్దలు చెబుతారు. ఈ రోజుల్లో అయితే పదో తరగతి చదివే వయసు. ఆ వయసులోనే ఇంటి బరువు అతని భుజాల మీద పడింది.

కుటుంబం సుర్దాపూర్ చేరుకుంది. చెట్టూ పుట్టా కొట్టి, నేల చదును చేసి, విత్తనం వేశారు. పంట చేతికొచ్చే వేళకు ఆ భూమి తనదంటూ సిద్దిఖీ అనే జమీందారు వచ్చాడు. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదీ చేసిన కష్టం కళ్ళ ముందే పోతుంటే భీం ఆగలేకపోయాడు. ఆ గొడవలో సిద్దిఖీ చనిపోయాడు. భీం ఇల్లు విడిచి పారిపోవాల్సి వచ్చింది.

పారిపోయిన చోటా అతను ఊరికే కూర్చోలేదు. చాందా వైపు విఠోబా అనే ఆయన దగ్గర అచ్చు పనిలో సాయపడుతూ చదవడం, రాయడం నేర్చుకున్నాడు. తర్వాత అస్సాం వెళ్ళి నాలుగేళ్ళకు పైగా తేయాకు తోటల్లో కూలి చేశాడు. తిరిగొచ్చాక కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ దగ్గర పనికి కుదిరాడు. పటేల్‌కు భూమి తగాదా వస్తే కాగితాలు చదివి, ఆసిఫాబాద్ ఆఫీసుల చుట్టూ తిరిగి, ఆ భూమి నిలబెట్టింది భీమే. అక్కడే సోంబాయితో పెళ్ళయింది. ఒక ఇల్లు, ఒక పొలం, పక్కన తోడు. అతను కోరుకున్నది అంతే.

కానీ ఆ అంత కూడా దక్కనివ్వలేదు. బాబెఝరి, జోడేఘాట్ వైపు తనవాళ్ళు అడవి నరికి సాగు చేసుకుంటే సిబ్బంది మళ్ళీ వచ్చిపడ్డారు. ఇళ్ళు కాలాయి. భీం మొదట విన్నపాలతోనే వెళ్ళాడు. ఎవరూ వినకపోయేసరికి పన్నెండు గూడేలు ఒక్కటయ్యాయి. అప్పుడు అధికారులు దిగివచ్చి పట్టాలిస్తామన్నారు. తన ఇంటి వరకే చూసుకునే మనిషైతే అక్కడితో సరేననేవాడు. భూమి ఒక్కటే చాలదని, మన గూడేల మీద మన పెత్తనమే ఉండాలని భీం పట్టుబట్టాడు. అప్పటికి పన్నెండు గూడేలూ అతని ఇల్లే అయ్యాయి. 1940లో ఆశ్వయుజ పౌర్ణమి నాటికి నిజాం పోలీసులు జోడేఘాట్ చుట్టుముట్టారు. భీం సహచరులతో పాటు నేలకొరిగాడు. సోంబాయి ఒంటరిదైంది.

ఆ చావు వృథా కాలేదు. మన బతుకులను తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన నివేదికల తర్వాత వేల కుటుంబాలకు పట్టాలొచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. మన గూడేల బడుల్లో పాఠాలు చెప్పేవాళ్ళం, హాస్టళ్ళు చూసుకునేవాళ్ళం అందరం ఆ బాటలో నడిచి వచ్చినవాళ్ళమే.

యువతీ యువకులారా, ఒక్క మాట. 2006 అటవీ హక్కుల చట్టం కింద మన ఇళ్ళకు వచ్చిన పట్టా కాగితం ట్రంకు పెట్టెలో ఉంటుంది. అందులో ఏముందో చాలామంది నాన్నలకు తెలియదు. దసరాకు, దండారికి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ కాగితం తీయండి. ఎన్ని ఎకరాలు, ఎవరి పేరు, అమ్మ పేరు కూడా ఉందా, హద్దులేమిటో చదివి వినిపించండి. లచ్చు పటేల్ కోసం భీం చేసిన పని అదే. చదువు మధ్యలో మానేసి పనికి పోదామనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇదీ గుర్తుంచుకోవాలి. భీంకు బడి లేదు, హాస్టల్ లేదు. పొద్దంతా ఒళ్ళు వంచి, రాత్రి అక్షరం నేర్చుకున్నాడు.

వర్ధంతి నాడు విగ్రహానికి దండ వేద్దాం. ఆ మర్నాడు పుస్తకం తెరుద్దాం, పొలం గట్టు మీద అమ్మానాన్నల పక్కన నిలబడదాం.

జోహార్ కుమురం భీం! జోహార్ సోంబాయి! జై సేవా!