మృదంగం మాట విన్న శాస్త్రవేత్త



ఆదివారం దివ్యపూజకు కాస్త ముందుగా గుడికి చేరుకున్న రోజున మీరు ఈ దృశ్యం చూసే ఉంటారు. గాయక బృందంలో తబలా వాయించే అబ్బాయి చిన్న సుత్తి తీసుకుని తబలా అంచుమీద ఇటొక దెబ్బ, అటొక దెబ్బ వేస్తూ, మధ్యమధ్య వేలితో తట్టి చెవి ఒగ్గి వింటూ, హార్మోనియం శ్రుతికి కలుపుతూ ఉంటాడు. మనం పెద్దగా పట్టించుకోము. కాని ఒక్క క్షణం ఆలోచించండి. డప్పును మంటకు కాచి ఎంత బిగించినా అది గంభీరంగా మోగుతుందే తప్ప పాటలోని స్వరాన్ని పలకదు. అదే తోలుతో చేసిన తబలా, మృదంగం మాత్రం గాయకుని శ్రుతికి ఎలా కలుస్తున్నాయి?

ఈ చిన్న ప్రశ్నను మనసుకు పట్టించుకున్న పెద్దమనిషి సర్ చంద్రశేఖర వేంకట రామన్. ఆయన పేరు చెప్పగానే మనకు కాంతి గుర్తుకు వస్తుంది, నోబెల్ బహుమతి గుర్తుకు వస్తుంది. అయితే కాంతి ఆయనను ప్రపంచ ప్రఖ్యాతుణ్ణి చేయడానికి ముందు, ఎన్నో ఏళ్లపాటు ఆయన నాదానికి దాసుడు. ఆ కథను ఈ వారం మీతో పంచుకోవాలని ఉంది.

రామన్ 1888 నవంబరు 7న తమిళనాట తిరుచిరాపల్లి సమీపంలోని తిరువానైకావల్‌లో జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యరుగారికి విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకునిగా ఉద్యోగం రావడంతో 1892లో ఆ కుటుంబం మన తెలుగు తీరానికి తరలివచ్చింది. పసివాడైన రామన్ సముద్రపు హోరు వింటూ పెరిగింది విశాఖలోనే. చదువుకున్నది అక్కడి కాథలిక్ పాఠశాల సెయింట్ అలోషియస్‌లో. పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాడంటే ఆ బాలుని చురుకుదనం మీరే ఊహించుకోవచ్చు. తండ్రిగారు లెక్కలు, భౌతికశాస్త్రం బోధించేవారు. వాటితో పాటు సంగీతమంటే మక్కువ. ఆ రెండు అభిరుచులూ కుమారునిలో ఒకటిగా కలిసిపోయాయి.

తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1904లో బి.ఏ., 1907లో ఎం.ఏ. ప్రథమ స్థానంలో పూర్తి చేశారు. ఆ రోజుల్లో ఆయన చేతికి వచ్చిన పుస్తకాలలో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ స్వరాల స్వభావం గురించి రాసిన గ్రంథం ఒకటి. తన జీవితాన్ని మలచిన మూడు పుస్తకాలలో దానిని ఒకటిగా రామన్ తర్వాత పేర్కొన్నారు. 1907లోనే లోకసుందరి అమ్మాళ్‌తో వివాహం జరిగింది. ఆమె వీణ వాయిస్తుండగా విని ఆయన మనసు పడ్డారని చెబుతారు.

ఆ కాలంలో విజ్ఞానశాస్త్రం కూడు పెట్టే వృత్తి కాదు. అందుచేత రామన్ ఆర్థిక శాఖ పరీక్ష రాసి, అందులోనూ మొదటివాడుగా వచ్చి, కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు ఇంకా పంతొమ్మిది నిండలేదు. మంచి జీతం, గౌరవం, ముందుకు పోయే దారి అన్నీ ఉన్నాయి. కాని ఒకనాడు ట్రాములో వెళుతుండగా బౌబజారు వీధిలో ఒక బోర్డు కంటబడింది. అది 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ స్థాపించిన విజ్ఞాన పరిశోధక సంఘం. లోపల పరికరాలు ఉన్నాయి, వాడేవారే లేరు. నాటి నుండి తెల్లవారుజామున అక్కడ, పగలు కచేరీలో, సాయంత్రం మళ్లీ అక్కడ. పదేళ్లపాటు, రంగూన్‌కు, నాగపూర్‌కు బదిలీ అయిన కొద్దికాలం మినహా, ఇదే ఆయన దినచర్య.

ఆ పాత ప్రయోగశాలలో ఖరీదైన సామగ్రి లేదు. ఒక తీగ, ఒక కమాను, ఒక వయొలిన్ ఉంటే చాలు గదా అనుకున్నారు రామన్. వయొలిన్ వాద్యకారుని చెయ్యి ప్రతిసారి ఒకే బలంతో పడదు. అందుకని ఆయన ఒక యంత్రం అమర్చారు. అందులో కమాను కదలదు, వయొలినే పట్టాలమీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. కమాను ఎంత వేగంతో రాసుకోవాలి, ఎంత బరువుతో నొక్కాలి, గుర్రానికి ఎంత దూరంలో ఆనాలి అనే విషయాలన్నీ కొలిచారు. పెద్ద వయొలిన్ జాతి వాద్యాలలో ఒకానొక స్వరం దగ్గర గొంతు తడబడి గుర్రుమంటుంది. పాశ్చాత్య సంగీతజ్ఞులు దానిని తోడేలు స్వరం అంటారు. తీగ కంపనానికి, చెక్క పెట్టె కంపనానికి మధ్య జరిగే పెనుగులాటే దానికి కారణమని రామన్ వివరించారు. ఈ పరిశోధనలలో కొన్ని 1918లో ఒక పెద్ద గ్రంథంగా వెలువడ్డాయి.

ఇంతలో 1917లో ఆయన ముందు రెండు దారులు నిలిచాయి. కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్య పదవి స్వీకరించమని పిలుపు వచ్చింది. సర్కారు ఉద్యోగం కంటే జీతం బాగా తక్కువ. ఇంట్లో పెళ్లాం, బంధువులు, సంసారం. పాఠకులారా, మనమైతే ఏమి చేసి ఉండేవారమో మన మనస్సాక్షికే తెలియాలి. రామన్ మాత్రం పెద్ద ఉద్యోగం వదిలి, తాను ప్రేమించిన పనినే ఎంచుకున్నారు.

ఆయన చెవి విదేశీ వాద్యాల దగ్గరే ఆగిపోలేదు. వీణ, తంబురాల మీద 1921లో ఆయన వ్యాసం ప్రచురించారు. తీగను ఒక బిందువు వద్ద మీటితే, ఆ బిందువు వద్ద కదలిక లేని అనుస్వరాలు పుట్టకూడదని అంతవరకు పుస్తకాలు చెప్పేవి. మన తంబురా ఆ సూత్రాన్ని లెక్కచేయదని ఆయన కనుగొన్నారు. గుర్రం వెడల్పుగా, వంపుగా ఉండడం, తీగ కింద ఒక దారపు పోగు ఉంచడం వల్ల తీగ కంపించినప్పుడల్లా ఆ వంపును తాకుతూ పోయి, లేవనే అనుస్వరాలను కూడా లేపుతుంది. ఆ నిండైన జుమ్మనే నాదం వెనుక రహస్యం అదే.

ఇక మన మొదటి ప్రశ్నకు వద్దాం. తీగను మీటినప్పుడు ముఖ్య స్వరంతో పాటు దానికి సరిగ్గా రెండు, మూడు, నాలుగు రెట్ల వేగంతో కంపించే అనుస్వరాలు పుడతాయి. అవి లెక్కకు సరిపోతాయి గనుక చెవికి ఇంపుగా ఉంటాయి. మామూలు తోలు పొర అలా కాదు. దాని మొదటి కంపనం 1 అనుకుంటే తర్వాతివి సుమారు 1.59, 2.14, 2.30 రెట్లు. ఒకదానితో ఒకటి పొసగవు. అందుకే అది చప్పుడు అవుతుంది గాని స్వరం కాదు. మృదంగం కుడివైపు మధ్యలో నల్లని మచ్చ చూశారు కదా? నల్లరాతి పొడిని అన్నంతో కలిపి మెత్తగా నూరి, పొరమీద పొర పెట్టి, ఒక్కొక్క పొరను రాతితో రుద్ది ఆరబెడతారు. మధ్యలో మందంగా, అంచుకు పలుచగా ఉండే ఆ బరువే తోలు కంపనాలను దారిలో పెడుతుంది. రామన్ తోలుమీద సన్నని ఇసుక చల్లి, వేలితో ఒకచోట అదిమి, మరొకచోట కొట్టి, ఇసుక ఏ గీతలమీద నిలుస్తుందో చూశారు. తొమ్మిది రకాల కంపనాలు ఐదు స్వరాలుగా సర్దుకుని 1, 2, 3, 4, 5 అనే లెక్కకు వస్తున్నాయని తేల్చారు. 1920లో మొదటిసారి క్లుప్తంగా, 1934లో వివరంగా ఆయన ఈ విషయం ప్రకటించారు.

1921లో ఆయన లండను వెళ్లినప్పుడు అక్కడి సెయింట్ పాల్ దేవాలయ గోపురంలో, ఒక మూల గుసగుసలాడితే అవతలి వైపు గోడ దగ్గర వినిపించే వింతను కూడా కొలిచారు. అదే ప్రయాణం నుండి ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రపు నీలిరంగు చూసి ఆలోచనలో పడ్డారు. ఆ ఆలోచనే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితంగా పండింది, 1930లో నోబెల్ బహుమతి తెచ్చింది. ఏ పదార్థంలోని అణువులకైనా వాటి సొంత కంపనాలు ఉంటాయి, వాటిమీద పడి చెదిరిన కాంతి ఆ కంపనాల గుర్తును మోసుకొస్తుంది. ఇదే ఆ ఫలితం సారాంశం. ప్రతి పదార్థానికీ ఒక శ్రుతి ఉందని చెప్పినట్టే గదా! సంగీతం విని విని పదునెక్కిన మనసే కాంతిలో ఆ మాట పోల్చుకున్నదేమోనని నాకు అనిపిస్తుంది.

అయితే ఇంత సూక్ష్మంగా వినగలిగిన మహనీయుడు కూడా అన్ని గొంతులూ వినలేదు. 1933లో ఆయన బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా వెళ్లారు. ఆ సంవత్సరమే కమలా భాగవత్ అనే యువతి మంచి మార్కులతో ప్రవేశం కోరితే, ఆడపిల్ల అనే కారణంతో నిరాకరించారు. ఆమె పట్టు విడవకపోతే, ఒక ఏడాది పరీక్షించి చూస్తామనే షరతుమీద ఒప్పుకున్నారు. ఆమె పని చూసి ఆయన మనసు మారింది. కమలా సోహోనీ పేరుతో ప్రసిద్ధురాలైన ఆమె 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు సాధించారు. 1940లో అన్నా మణి రామన్ ప్రయోగశాలలోనే పరిశోధన ప్రారంభించి, తర్వాత గొప్ప వాతావరణ శాస్త్రవేత్త అయ్యారు. మృదంగం తోలులోని తొమ్మిది కంపనాలను ఓపికగా విన్న మనిషికి, గుమ్మం ముందు నిలబడిన ఒక అమ్మాయి మాట వినడానికి ఏడాది పట్టింది. తప్పును దిద్దుకున్నారు, అది మెచ్చదగినదే. కాని ఆ ఏడాది ఆమెకు ఎంత భారమైందో మనం మరచిపోకూడదు.

మరొక సంగతి. ఆ నల్లని మచ్చను లెక్క తప్పకుండా రుద్దిన చేతులు ఎవరివి? పాళ్లు చెవితోనే తేల్చుకున్న తోలుపనివారివి. వారిని ఊరు దూరంగా ఉంచింది, కచేరి వేదిక పిలవలేదు. వారిలో మన క్రైస్తవ దళిత కుటుంబాలు కూడా ఎన్నో ఉన్నాయి. పాల్ఘాట్ మణి అయ్యర్ మృదంగాలను తీర్చిదిద్దిన తంజావూరు పర్లాందు అలాంటివాడే. గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో ప్రచురించిన పుస్తకంతో గాని ఇటువంటివారి పేర్లు చాలామందికి తెలియలేదు. రామన్ వారి విద్యలోని లెక్కను లోకానికి చాటారు. వారి పేర్లు చాటవలసిన బాధ్యత మనందరిది.

రామన్ 1948లో తన సొంత పరిశోధనా సంస్థను బెంగుళూరులో నెలకొల్పారు. 1954లో భారతరత్న అందుకున్నారు. 1970 నవంబరు 21న కన్నుమూశారు. ఆ సంస్థ తోటలోనే ఆయన పార్థివదేహానికి దహనం జరిగింది.

కాబట్టి, పాఠకులారా, వచ్చే ఆదివారం తబలా శ్రుతి చేసే ఆ అబ్బాయిని ఒకసారి తీరికగా గమనించండి. పాట అయ్యాక ఆ తబలా ఎవరు కట్టారో అడగండి. వాళ్ల పేరు తెలుసుకోండి.