ఇరవై ఏడేళ్లకే ఆగిన అమ్ముగూడ బలరామ్ ఆట

మేడ్చల్ నుంచి సికింద్రాబాదు వెళ్లే రైలు అల్వాల్ దాటాక అమ్ముగూడ అనే చిన్న స్టేషనులో ఆగుతుంది. సుచిత్ర నుంచి సైకిలు మీద వెళ్లి రాగల దూరమే. రెండు ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆడిన తులసీదాస్ బలరామ్ ఆ ఊరి బిడ్డ.

ఆయన 1936 అక్టోబరు 4న పుట్టారు. తల్లిదండ్రులు తమిళులు, కలిగినవారు కారు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్ల తోలుతో రెండు రూపాయలకు ఒక చెప్పులు కుట్టేవాడు చేసిచ్చిన జోడే ఆయనకు మొదటి ఆట బూట్లు. కుర్రవాడి ఆట శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం కంటపడింది. రోజూ హైదరాబాదు రావడానికి చార్జీలు లేవంటే, సైకిలు అద్దె రహీం సాబే ఇచ్చేవారు. ఆ అద్దె సైకిలు వృథా పోలేదు. ఇరవై ఏళ్లకే బలరామ్ మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. 1956లో జరిగిన ఆ పోటీల్లో మన దేశానికి నాలుగో స్థానం దక్కింది.

1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో జపాన్ మీద ఒక గోల్ కొట్టారు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. ఆ ఏడాదే అర్జున అవార్డు వచ్చింది. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరామ్ ముగ్గురూ కలిస్తే ఎదుటి జట్టుకు దడే.

మరుసటి ఏడాదే దెబ్బ తగిలింది, అదీ కాలికి కాదు. 1963లో ఆయన ఈస్ట్ బెంగాల్ వదిలి రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.కు మారారు. అంతలోనే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. ముందు వరుసలో ఆడేవాడికి కాలు ఎంతో ఊపిరీ అంతే. పరుగెత్తితే రొప్పు వచ్చేవాడు మైదానంలో నిలవలేడు. ఇరవై ఏడో ఏట ఆట మానుకోక తప్పలేదు. చేయిపట్టి నడిపించిన రహీం కూడా ఆ ఏడాది జూన్ 11న క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఆటగాళ్లకు లక్షలు వచ్చే రోజులు కావవి. ఉద్యోగమే దిక్కు. బలరామ్‌కు రైల్వే కొలువు ఆసరా అయింది. తరువాత కుర్రవాళ్లకు ఆట నేర్పారు, జట్లకు ఆటగాళ్లను ఎంపిక చేశారు. పుట్టిన ఊరికి తిరిగి రాలేదు. కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తర్‌పారాలో ఒంటరిగానే బతికారు.

చునీకి 1983లో, బెనర్జీకి 1990లో పద్మశ్రీ వచ్చింది. మూడో మనిషికి రాలేదు. బలరామ్ ఆ బాధను దాచుకున్నవారు కారు. ఆ ముగ్గురిలో ఒకరికి చేయి ఎందుకు చూపారో ఇచ్చేవారే చెప్పాలి. 2020లో నెలన్నర వ్యవధిలో బెనర్జీ, చునీ ఇద్దరూ పోయారు. చివరగా మిగిలిన బలరామ్ 2023 ఫిబ్రవరి 16న కలకత్తా ఆసుపత్రిలో మరణించారు. అప్పటికి ఆయనకు ఎనభై ఆరేళ్లు. అందులో ఆట సాగింది పదేళ్ల లోపే.