నిత్యలేఖనవ్రతులు: శ్రీ ఏనుగుల వీరాస్వామయ్యగారు

మన వార్షిక మహాసభా సంచికలయందు పూర్వులైన మహనీయుల జీవితములను స్మరించుట ఆచారముగా వచ్చుచున్నది. దాతలను, పండితులను, ఉద్యోగధురంధరులను గూర్చి గడచిన సంచికలలో చదువరులు చదివియున్నారు. ఈ యేట మేము మరియొక గుణమును వారి యెదుట నుంచదలచితిమి. అది దినదినము తప్పక వ్రాయుట యను గుణము. చూచుటకు స్వల్పము, ఫలమున మిక్కిలి గొప్పది. అందులకు నిదర్శనముగా కాశీయాత్ర చరిత్రమును రచించిన ఏనుగుల వీరాస్వామయ్యగారి జీవితమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వీరాస్వామయ్యగారు 1780 ప్రాంతమున జనించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయియు అధైర్యపడక, ఆంగ్లమును దేశభాషలను శ్రద్ధతో నభ్యసించి, కొలువున ప్రవేశించి, క్రమముగా వృద్ధినొంది, చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరు పదవి నధిష్ఠించిరి. ఆంగ్లమెరుగని కక్షిదారుల మాటను ఆంగ్లేయ న్యాయాధిపతులకు తెలుపుట ఆ పదవికి జెందిన పని. ఒకరి మాటను మరియొకరికి హెచ్చుతగ్గులు లేక చేర్చుటయే వృత్తియగుటచేత, చూచినదానిని చూచినట్లు చెప్పుట వారికి స్వభావమై యుండునని మేము తలంచుచున్నాము.

1830 మే 18వ తేదీన వారు కాశీయాత్రకు బయలుదేరిరి. అప్పటికి మన దేశమున రైలుబండి లేదు, తంతి లేదు. బంధువులు, పరిచారకులు, బోయీలు మొదలగువారితో గూడి వారి పరివారము సుమారు నూరుగురు. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, జబ్బలుపురము, మిరిజాపురము, ప్రయాగల మీదుగా కాశి జేరి, పిమ్మట గయను, కలకత్తాను, జగన్నాథమును జూచి, ఉత్తరసర్కారుల త్రోవను 1831 సెప్టెంబరు 3వ తేదీన మరల చెన్నపట్టణము ప్రవేశించిరి. ఇట్లు పదునైదు నెలలకు పైగా సాగిన ప్రయాణమిది.

కాశికి బోయివచ్చినవారు వీరికి ముందును వెనుకను వేలకొలది గలరు. వారిలో నెందరి పేరు నేడు మనము చెప్పగలము? వీరాస్వామయ్యగారి పేరు నిలిచినది వారు పోయివచ్చినందున గాదు, పోవుచు వ్రాసినందున. తన మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారి కోరికననుసరించి, త్రోవలో గనినవి, వినినవి మజిలీవెంట మజిలీగా వ్రాసి యుంచిరి. పగలెల్ల ప్రయాణము చేసినవారికి విడిదిలో గంటము గాని కలము గాని పట్టుట యెంత కష్టమో అనుభవించినవారెరుగుదురు. మరి యీ వ్రతము మధ్యలో చెడక యెట్లు సాగెను? ఆ గ్రంథమును బరిశీలింపగా మాకు మూడు కారణములు తోచినవి.

మొదటిది, వారి వ్రాతకొక చదువరి ముందుగనే యుండెను. లోకమునకంతకు వ్రాయుదమనుకొన్నవాడు రేపు వ్రాయవచ్చునని యూరకుండును. ఎదురుచూచు స్నేహితుడొకడున్నచో నాటి పని నాడే కావలయును.

రెండవది, ఏమి వ్రాయవలయునను విచారము వారికి లేదు. ఊరిపేరు, దాని దూరము, బాట యిసుకయో రాయియో, త్రాగునీరు మంచిదో కాదో, దిగుటకు చోటు, తోపు గలదో లేదో, అంగళ్లలో నేమి దొరకును అనునవి ప్రతి మజిలీకిని వ్రాయవలసిన విషయములు. అలసిన దినమున నీ కొలది పంక్తులతో ముగియును. నిలిచిన చోట వ్రాత దానంతట నదే పెరుగును. శ్రీశైలమున కందనూరు నవాబు యాత్రికులయొద్ద గొను పన్ను, హైదరాబాదు రాజ్యమున ఆయుధములు ధరించి తిరుగు జనులు, ఊరూరను మారు నాణెములు, దేవాలయములలోని యాచారములు, తుదకు సృష్టిని గూర్చిన వేదాంతవిచారము వరకు నన్నియు నందు జేరినవి.

మూడవది, వారు ప్రబంధశైలికై వేచియుండలేదు. చెన్నపట్టణమున తాము మాటలాడు తెలుగులోనే, ఉర్దూ మాటలను గూడ విడువక, వ్రాసికొనిపోయిరి. గ్రాంథికమున నీ వ్యాసమును వ్రాయుచు మేమీ మాట చెప్పుట కొందరికి నవ్వు దెప్పింపవచ్చును. అయినను సత్యమును దాచరాదు. వ్యాకరణమునకు వెరచి యుండినచో, ఆ దినములతోపాటు ఆ సంగతులును గడచిపోయి యుండెడివి.

వీరాస్వామయ్యగారు 1836లో పరమపదించిరి. శ్రీనివాసపిళ్లగారు మిత్రధర్మమును మరువక 1838లో ఆ గ్రంథమును ముద్రింపించిరి. 1869లో అది మరల అచ్చయ్యెను. పిమ్మట దుర్లభమైపోగా, శ్రీ దిగవల్లి వేంకటశివరావుగారు శ్రమించి 1941లో నూతనముగా ప్రకటించిరి. 1973లో ఆంగ్లానువాదము వెలువడెను. తెలుగున మొదటి యాత్రాచరిత్రమని దానిని పండితులు గౌరవించుచున్నారు.

ఇచ్చట చదువరులొక విషయమును గమనింపవలయును. వీరాస్వామయ్యగారు జీవించినది యేబదియేండ్లకు పైమాట. అందు పెక్కేండ్లు ఉన్నతమైన కొలువున గడచినవి. ఆ కాలమును గూర్చి మనకు దెలిసినది ఒకటి రెండు పుటలకు మించదు. వ్రాసిన పదునైదు నెలలు మాత్రము మజిలీలతో, తేదీలతో నేటికిని కన్నులకు గట్టినట్లున్నవి. వ్రాయబడిన కాలమే నిలిచినది. తక్కినది వారితోనే పోయినది.

పల్లకియు, పరిచారకులును గల ధనవంతులకు వ్రాయుట సులభమని కొందరనవచ్చును. అది కొంతవరకు నిజమే. కాని అంతకంటె ధనవంతులెందరో యాత్రలు చేసి పంక్తియైనను వ్రాయలేదు. వ్రాయించినది సంపద కాదు, నియమము.

ఈ సంచికను గూర్చునప్పుడు, ధర్మకార్యములు నెలకొల్పిన మన పెద్దల చరిత్రములను పంపుడని పెక్కు కుటుంబములవారిని గోరితిమి. పేర్లు వచ్చినవి, సంవత్సరములు రాలేదు. సత్రము కట్టించిరని వ్రాసిరి. ఎవరిచేత, ఎంత వెచ్చించి, ఎవరికై కట్టించిరో చెప్పువారు లేకపోయిరి. చెప్పగల వృద్ధులు కొందరు గత వత్సరముననే గతించిరట. ఇది మాకు మిక్కిలి చింత గలిగించినది.

కావున పోషకులకును, సభ్యులకును మా విన్నప మొక్కటే. ప్రతి యింటను ఒక పుస్తకముంచుడు. దినమున కైదు పంక్తులు చాలును. ఏమి జరిగినది, ఎవరు వచ్చిరి, ఏమి కొంటిమి, పెద్దలేమి చెప్పిరి అను నాలుగు ప్రశ్నలకు సమాధానము వ్రాయుడు. ఒక దినము తప్పినచో మరునాడు కొనసాగింపుడు. దూరముననున్న బంధువునకో మిత్రునకో నెలకొకమారు చూపుడు. మరి యేబదియేండ్లకు మన సంచికను గూర్చువారికి మావలె రిక్తహస్తములతో నుండవలసిన యవస్థ గలుగకుండుగాక!