దీనబంధువు ఇసబెల్ కెర్

లోకమున రోగములు పెక్కు కలవు. జ్వరము వచ్చినవానికి ఇంటివారు పథ్యపానములు సమకూర్తురు. కాలు విరిగినవానిని నలుగురు కూడి వైద్యునికడకు మోసికొని పోవుదురు. కాని పూర్వము కుష్ఠువ్యాధి సోకినవానికి ఆ భాగ్యము లేకుండెను. ఒడలిపై మచ్చ కనబడిన నాటినుండి అతడు తనవారికే పరాయివాడగుచుండెను. ఇంటి గడప, ఊరి బావి, సంత, సత్రము అన్నియు అతనికి దూరమగుచుండెను. ప్రజలు దానిని పెద్దరోగమని పిలిచి, ఆ మాటనైనను బిగ్గరగా పలుకుటకు జంకెడివారు. అట్టి నిరాశ్రయులకు ఉత్తర తెలంగాణమున నీడ కల్పించి, మందిచ్చి, వారును మనుష్యులే యని లోకమునకు చాటిన వనిత డాక్టరు ఇసబెల్ కెర్.

ఇసబెల్ 1875వ సంవత్సరము మే 30వ తేదీన స్కాట్లండు దేశమునందలి బాన్ఫ్‌షైరు ప్రాంతమున జన్మించెను. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అరుదుగా నున్న కాలమది. అయినను ఆమె పట్టుదలతో అబర్డీన్ విశ్వవిద్యాలయమున చదివి, 1903వ సంవత్సరమున వైద్యపట్టమును పొందెను. ఆ యేడే జార్జి కెర్ అను క్రైస్తవ బోధకుని వివాహమాడెను. స్వదేశమున వైద్యవృత్తి నవలంబించి సుఖముగా జీవించుటకు ఆమెకు అడ్డేమియు లేకుండెను. కాని భార్యాభర్త లిరువురి మనస్సును సేవవైపునకే మొగ్గినది. 1907వ సంవత్సరమున వారు వెస్లియన్ మెథడిస్టు సంఘము పక్షమున బయలుదేరి, సముద్రములు దాటి హైదరాబాదు రాజ్యమునకు వచ్చిరి.

కొంతకాలమునకు వారు నిజామాబాదు చేరిరి. ఇందూరను పాత పేరుగల ఆ పట్టణమునకు తూర్పున కరీంనగరు సీమయు, ఉత్తరమున గోదావరి కావల ఆదిలాబాదు సీమయు కలవు. ఆ కాలమున ఈ ప్రాంతముల పల్లెలకు వైద్యశాలలు మిక్కిలి దూరము. పురుష వైద్యునికి తమ బాధ చెప్పుకొనజాలక మూగవేదన ననుభవించు స్త్రీలు అనేకులు. అట్టిచోట వైద్యురాలు లభించుట గొప్ప వరమే. ఇసబెల్‌కు చేయవలసిన పనికి కొదువ లేకుండెను. అయినను ఆమె దృష్టి ఎవరును చూడనివారిపై నిలిచినది. ఏ వైద్యశాలయందును చోటులేక, త్రోవప్రక్కల బిచ్చమెత్తుచు దినములు గడపు కుష్ఠరోగులే వారు. వారికొరకు అచట ఏ ఏర్పాటును లేదని ఆమె గ్రహించెను.

ఈ వ్యాధి పూర్వజన్మ పాపఫలమని కొందరును, దైవశాపమని కొందరును తలచెడివారు. కాని ఇది సూక్ష్మజీవివలన కలుగు రోగమని నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873వ సంవత్సరముననే కనుగొనెను. ఆ క్రిమి మెల్లమెల్లగా నరములను చెరచును. అందుచే చర్మమునకు స్పర్శజ్ఞానము నశించును. నిప్పు తగిలినను, ముల్లు గ్రుచ్చుకొనినను రోగికి తెలియదు. తెలియని గాయము పుండగును. పుండు ముదిరి వ్రేళ్లు వంకరపోవును. ఆ వికారమును చూచియే జనులు భీతిల్లుచుండిరి. నిజమునకు ఈ వ్యాధి అంత సులభముగా అంటుకొనునది కాదు. అయినను ఆనాడు రోగికంటె రోగభయమే వేగముగా వ్యాపించుచుండెను.

యేసుక్రీస్తు కుష్ఠరోగిని చేతితో తాకి స్వస్థపరచెనని సువార్తలు తెలుపుచున్నవి. ఆ దృష్టాంతమే ఇసబెల్‌కు మార్గదర్శకమైనది. 1911వ సంవత్సరమున ఆమె నిజామాబాదులో కుష్ఠరోగుల కొరకు ఒక కేంద్రమును ప్రారంభించెను. కాని ఇట్టి కార్యమునకు కరుణ యొక్కటియే చాలదు. రోగులు నెలల తరబడి నిలిచి చికిత్స పొందవలెను. వారికి వసతి కావలెను, అన్నవస్త్రములు కావలెను, విశాలమైన స్థలము కావలెను. చేతిలో ధనము లేక, ఆశతో వచ్చినవారిని త్రిప్పి పంపుటకంటె వైద్యురాలికి దుఃఖకరమైనది వేరొకటి లేదు.

అట్టి సమయమున రాజా నర్సాగౌడు అను హిందూ దాత ముందునకు వచ్చి ఉదారముగా విరాళ మొసగెను. ఆ సాయముతో నిజామాబాదునకు సమీపమునగల డిచ్‌పల్లిలో 1915వ సంవత్సరమున నూతన వైద్యశాల వెలసినది. నిజాము ప్రభుత్వమును దానికి అండగా నిలిచినది. సేవ చేసినది క్రైస్తవ వనిత, ధనమిచ్చినది హిందూ దాత, అండనిచ్చినది ముస్లిము ప్రభువు. దీనుల కన్నీరు తుడుచుటకు మతభేద మడ్డురాదని ఈ వైద్యశాల చరిత్ర నిరూపించుచున్నది.

బ్రిటిషు ఇండియాలో 1898వ సంవత్సరమున చేయబడిన శాసనము, వీథులలో తిరుగు పేద కుష్ఠరోగులను పట్టి నిర్బంధించుటకు అధికారుల కవకాశ మిచ్చెను. దాని దృష్టిలో రోగి దూరముగా నుంచదగినవాడు. ఇసబెల్ దృష్టిలో అతడు చికిత్స చేయదగినవాడు. ఈ భేదము చిన్నదివలె కనబడును గాని, రోగి బ్రతుకునంతటిని మార్చునది అదియే.

నాటి చికిత్సకు ముఖ్యమైన సాధనము ఒక నూనె. నీరడి విత్తులనుండి తీయు ఈ నూనెను మన ప్రాచీన వైద్యులును ఎరుగుదురు. సుశ్రుతుడు తువరకమను పేర దీనిని పేర్కొనెను. కాని త్రాగినచో కడుపులో త్రిప్పి వాంతి యగుచుండుటచే రోగులు దానిని చాలకాలము సేవింపజాలకుండిరి. కలకత్తాలో పరిశోధనలు చేసిన లెనర్డు రోజర్సు, ఎర్నెస్టు మ్యూర్ అను వైద్యులు ఆ నూనెను సూదిమందుగా ఇచ్చు పద్ధతిని వృద్ధిచేసిరి. 1920 తరువాత ఇసబెల్ మ్యూర్‌తో కలిసి ఈ చికిత్సావ్యాప్తికి కృషిచేసెను. సూదిపోటు బాధాకరము. చికిత్స నెలలతో ముగియక ఏండ్లు సాగుచుండెను. ఆరంభదశలో వచ్చినవారికి అది మేలు చేసెను గాని, ముదిరిన రోగమును పూర్తిగా మాన్పజాలకుండెను. పోయిన వ్రేళ్లు తిరిగి రావు. ఈ సంగతి వైద్యురాలికి తెలియును. అయినను సంపూర్ణముగా మాన్పజాలనని పుండు కడుగుట మానలేదు, కట్టు కట్టుట మానలేదు. నయము చేయలేనిచోట కూడ ఊరట కలిగింపవచ్చునని ఆమె జీవితము తెలుపుచున్నది.

క్రమముగా డిచ్‌పల్లి వైద్యశాల పెరిగి పెద్దదయ్యెను. నాలుగు వందలమంది రోగులకు వసతి ఏర్పడినది. పల్లెవిడిచి ఒంటరిగా తిరిగినవారికి ఇరుగుపొరుగు లభించినది. ఆమె సేవను గుర్తించి బ్రిటిషు ప్రభుత్వము 1923వ సంవత్సరమున కైసరీహింద్ పతకము నొసగెను. పతకము వచ్చిన పిదపను ఆమె పని మారలేదు. 1932వ సంవత్సరము జనవరి 12వ తేదీన ఇసబెల్ కెర్ దివంగతురాలయ్యెను. ఆమె జీవితమున సుమారు పాతికేండ్లు మన దేశ సేవకే వినియోగమైనవి.

ఆమె ఎదురుచూచిన నిజమైన ఔషధము ఆమె కన్నుమూసిన పిదప లభించినది. 1940 తరువాత డాప్సోను అను మందు వాడుకలోనికి వచ్చెను. 1981వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్యసంస్థ పలుమందులను కలిపి ఇచ్చు చికిత్సను సూచించెను. నేడు ఈ వ్యాధి 6 నెలలలో గాని 12 నెలలలో గాని నయమగును. ప్రభుత్వ వైద్యశాలలలో మందులు ఉచితముగా లభించును. పూర్వోక్తమైన 1898 నాటి శాసనమును భారత పార్లమెంటు 2016వ సంవత్సరమున రద్దుచేసినది.

మందు వచ్చినది, చట్టము పోయినది. కాని మనుజుల మనస్సులలోని వెరపు పూర్తిగా తొలగలేదు. స్పర్శ తెలియని మచ్చను దాచుకొని, చికిత్సకు జాగుచేసి, అవయవములు పోగొట్టుకొనువారు నేటికిని కలరు. వారు దాచుకొనుట రోగమునకు వెరచి కాదు, ఇరుగుపొరుగువారికి వెరచి. అట్టివాని చేయి పట్టుకొని వైద్యశాలకు తోడుగా నడచుటకు వైద్యపట్టము అక్కరలేదు, విరాళమును అక్కరలేదు. వెనుదీయని హృదయము చాలును. అది అలవరచుకొన్నవారే ఇసబెల్ కెర్ ప్రారంభించిన పనిని కొనసాగించువారు.