ఇంకో బోస్ కథ

సుభాష్‌పల్లిలో బోస్ అనగానే అందరూ నేతాజీ గురించే అనుకుంటారు. మేము చెప్పబోయేది రాజ్ చంద్ర బోస్ గురించి. నెట్‌వర్క్ పాఠాల్లో డేటా లింక్ లేయర్ దగ్గర, పొరపాట్లను సరిచేసే పద్ధతుల్లో, బీసీహెచ్ కోడ్ అనే పేరు వస్తుంది. అందులో బీ ఈయనే.

బోస్ 1901 జూన్ 19న హోషంగాబాద్‌లో పుట్టాడు. తండ్రి డాక్టరు. పెరిగింది రోహ్‌తక్‌లో, కాలేజీ చదువు ఢిల్లీలో, తర్వాత కలకత్తాలో. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు రాగానే పెట్టెలు సర్దుకునే మనకు ఇన్ని ఊళ్లు కొత్తేమీ కాదు. కానీ ఆయన కష్టం వేరు. 1918 ఇన్‌ఫ్లూయెంజాలో తల్లి పోయింది, మరుసటి ఏడు తండ్రి. ఐదుగురు పిల్లల్లో ఈయనే పెద్ద. ఆ ఇబ్బందుల్లోనే గణితంలో రెండు ఎం.ఏ.లు పూర్తిచేసి, కలకత్తా అశుతోష్ కాలేజీలో లెక్చరరు అయ్యాడు.

ఆయనకు ఇష్టమైంది జ్యామితి. 1932లో మహలనోబిస్ ఆయన్ను ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు పిలిచాడు. అక్కడి లెక్కలు పొలానివి: ఏ మడిలో ఏ వంగడం, ఏ ఎరువు వేస్తే పోలిక న్యాయంగా ఉంటుంది? హిట్లర్ పాలనలో ఉద్యోగం పోయి కలకత్తా చేరిన జర్మన్ గణితవేత్త లెవి దగ్గర బోస్ పరిమిత క్షేత్రాల గురించి తెలుసుకున్నాడు. కొన్ని అంకెలే ఉండి, కూడినా గుణించినా వాటిలోనే తిరిగే లెక్క అది. దానితో మడుల అమరికలు కట్టాడు.

1941లో మన సి.ఆర్.రావు గారు అక్కడికే వచ్చి బోస్ దగ్గర చదువుకున్నారు. పోలీసు శాఖలో పనిచేసే తండ్రి బదిలీల వల్ల గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం అంటూ బళ్లు మారినవారు ఆయన. విశాఖ నుంచి హౌరా రైలు మన ఖరగ్‌పూర్ మీదుగానే పోతుంది కదా!

1947 దాకా బోస్‌కు డాక్టరేట్ లేదు. అచ్చయిన వ్యాసాలు సమర్పించి అది పొందాడు. ఇక్కడ వచ్చిన ఉద్యోగాల్లో ఆఫీసు పనే ఎక్కువ, పరిశోధన ఆగిపోతుందని 1949లో అమెరికాలోని చాపెల్ హిల్‌కు వెళ్లిపోయాడు. ఇది కొందరికి నచ్చకపోవచ్చు. మాకు మాత్రం అర్థమవుతుంది.

ఆయన చేసిన పని తెలియాలంటే మన వర్క్‌షాపుకు వచ్చే గూడ్సు వ్యాగన్ మీద నంబరు చూడండి. 11 అంకెలు. చివరి అంకె మిగతా పదింటి నుంచి లెక్కకట్టి వేసింది. రాసేటప్పుడు ఒక అంకె తప్పితే లెక్క కుదరదు. డేటా లింక్ లేయర్ కూడా సమాచారాన్ని ఫ్రేములుగా కట్టి, ప్రతిదానికీ ఇలాంటి తనిఖీ బిట్లు తగిలిస్తుంది. అవతల లెక్క కుదరకపోతే ఫ్రేమును పారేస్తారు. వైఫైలో అందినట్టు జవాబు రాకపోతే మళ్లీ పంపుతారు.

మళ్లీ పంపమని అడగలేని చోట? డిష్ యాంటెన్నా ఉపగ్రహాన్ని అడగలేదు. అక్కడ తప్పు ఎక్కడుందో అందుకున్నవాడే కనిపెట్టి దిద్దుకోవాలి. ఒక్కో బిట్‌ను మూడుసార్లు పంపితే 101 వచ్చినప్పుడు 1 అని తేల్చుకోవచ్చు, కానీ అది దండగ ఖర్చు. బోస్, ఆయన శిష్యుడు రాయ్‌చౌధురి పొదుపైన దారి చూపారు. పొలం మడులకు వాడిన పరిమిత క్షేత్రాలే ఇక్కడా పనికొచ్చాయి. ఎన్ని తప్పులు దిద్దాలో ముందే చెబితే అందుకు తగిన కోడ్ కట్టవచ్చు. వాళ్ల వ్యాసం 1960లో వచ్చింది. ఫ్రాన్స్‌లో హోకెన్‌గెమ్ 1959లోనే విడిగా అదే కనుగొన్నాడు. ముగ్గురి పేర్లూ కలిసి బీసీహెచ్ అయింది.

ఆ 1959లోనే శ్రీఖండే, పార్కర్‌లతో కలిసి, ఆయిలర్ 1782లో చేసిన ఊహ తప్పని రుజువు చేశాడు. న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఆ వార్త వేసింది. కోడ్ సంగతి మొదటి పేజీకి ఎక్కినట్టు మేము ఎక్కడా చదవలేదు. మాకైతే అదే పెద్ద పని అనిపిస్తుంది.

1971లో చాపెల్ హిల్‌లో రిటైరై, కొలరాడోలో మళ్లీ పాఠాలు చెప్పాడు. 1987 అక్టోబరు 31న కన్నుమూశాడు. ఇప్పుడు అన్నిచోట్లా కనిపించే క్యూఆర్ కోడ్ మూలల దగ్గర, దాన్ని ఎలా చదవాలో చెప్పే 15 గళ్లు ఉంటాయి. వాటిలో 5 అసలు సమాచారం, 10 బీసీహెచ్ చేర్చినవి. ఏ 3 గళ్లు చెరిగిపోయినా ఫోన్ సరిగ్గానే చదువుతుంది.