ఆడనివ్వడం వేరు, నడిపించనివ్వడం వేరు

క్రీడల్లో ప్రతిభే ఏకైక కొలమానమని, అక్కడ పుట్టుకకు చోటు లేదని వాదించేవారు మన విశ్వవిద్యాలయాల్లో తరచు తారసపడతారు. ఆ వాదన విన్నప్పుడల్లా నాకు క్లైవ్ సలివాన్ గుర్తుకొస్తాడు. 1972లో గ్రేట్ బ్రిటన్ రగ్బీ లీగ్ జట్టు పగ్గాలు చేపట్టి, ఏ క్రీడలోనైనా బ్రిటన్ జాతీయ జట్టుకు సారథి అయిన తొలి నల్లజాతీయుడాయన. ఇంగ్లండ్ సీనియర్ ఫుట్‌బాల్ జట్టులోకి తొలి నల్లజాతి ఆటగాడు అడుగుపెట్టింది 1978లో. ఈ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూస్తే సలివాన్ సాధించినది ఎంతటిదో బోధపడుతుంది.

వేల్స్‌లోని కార్డిఫ్ నగరంలో, స్ప్లాట్ అనే కార్మికవాడలో, కరీబియన్ మూలాలున్న కుటుంబంలో 1943లో సలివాన్ జన్మించాడు. బాల్యంలో కాళ్లకు పలు శస్త్రచికిత్సలు జరిగాయి. మామూలుగా నడవగలగడమే కష్టమనుకున్న ఆ బాలుడు పెరిగి సైన్యంలో చేరాడు. పరుగే ఆయన ఆయుధమైంది.

ఆయన సొంతగడ్డను వదిలి ఉత్తర ఇంగ్లండ్‌కు ఎందుకు వెళ్లాడో తెలియాలంటే రెండు రగ్బీల చరిత్ర తెలియాలి. ఆట కోసం పని మానుకున్న రోజుకు కార్మికులకు కూలి పరిహారం ఇవ్వాలా వద్దా అన్న వివాదంపై 1895లో ఉత్తరాది క్లబ్బులు విడిపోయాయి. ఆ చీలిక నుంచే రగ్బీ లీగ్ పుట్టింది. డబ్బు ముట్టనిదే పవిత్రమైన ఆట అన్నది యూనియన్ వాదం. లీగ్‌లో ఆడినవారిని అది వెలివేసేది. ఆ నిబంధనలో వర్గం పేరు లేదు, రంగు పేరూ లేదు. అయినా కూలి లేనిదే పూట గడవని వాడు దానంతటదే బయటకు పోయాడు. ఇక వేల్స్ యూనియన్ జట్టులో నల్లజాతి ఆటగాడు కనిపించింది 1980లలోనే. కార్డిఫ్ నుంచి బిల్లీ బోస్టన్ 1953లో విగాన్ క్లబ్బుకు వెళ్లిన దారినే సలివాన్ 1961లో హల్ ఎఫ్‌సీకి వెళ్లాడు. పరీక్షగా ఆడించిన తొలి మ్యాచ్‌లో ఆయన పేరును సైతం గోప్యంగా ఉంచారు.

హల్ ఎఫ్‌సీ తరఫున 250 ట్రైలు, అదే నగరంలోని ప్రత్యర్థి క్లబ్బు హల్ కేఆర్ తరఫున 118 ట్రైలు సాధించాడు. ప్రత్యర్థి గోల్ గీత దాటి బంతిని నేలకు ఆనించడమే ట్రై. 1972 నవంబరులో లియాన్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో ఆస్ట్రేలియాపై దాదాపు మైదానం పొడవునా పరిగెత్తి ఆయన చేసిన ట్రై నేటికీ ఆ ఆట అభిమానుల నోట నిలిచింది. మ్యాచ్ 10–10తో సమమైంది. అంతకుముందు దశలో మెరుగైన స్థానం దక్కించుకున్నందున కప్పు బ్రిటన్ వశమైంది. దానిని అందుకున్న సారథి సలివాన్.

నేను నొక్కి చెప్పదలచినది ఆ సారథ్యం గురించే. అణగారిన వారి దేహబలాన్ని వాడుకోవడానికి ఆధిపత్య వర్గాలు ఎన్నడూ వెనుకాడలేదు. వారి బుద్ధిబలాన్ని, నిర్ణయాధికారాన్ని అంగీకరించడం దగ్గరే చిక్కంతా. మన దేశంలో దళిత బౌలర్ పల్వంకర్ బాలూ 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా బొంబాయి టోర్నీలో హిందూ జట్టు సారథ్యం ఆయనకు దక్కలేదు. ఆ గౌరవం 1923లో తమ్ముడు విఠల్‌కు వచ్చేదాకా ఆ కుటుంబం పోరాడవలసి వచ్చింది. కాబట్టి ప్రాతినిధ్యాన్ని లెక్కించేటప్పుడు ఎందరు లోపలికి వచ్చారన్నది సగం ప్రశ్న మాత్రమే. ఎందరి చేతికి పగ్గాలు ఇచ్చారన్నది మిగతా సగం. మన విశ్వవిద్యాలయాల్లో తరగతి గదిని, పాలకమండలిని వేర్వేరుగా లెక్కపెట్టి చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది.

సలివాన్ 1985లో క్యాన్సర్‌తో, 42 ఏళ్లకే మరణించాడు. హల్ నగరంలోకి వెళ్లే ప్రధాన రహదారికి ఆ నగరం ఆయన పేరు పెట్టుకుంది. పుట్టిన కార్డిఫ్‌లో, బోస్టన్, గస్ రిస్మన్‌లతో పాటు ఆయన విగ్రహం వెలిసింది 2023లో. వలస వచ్చిన వాడిని అక్కున చేర్చుకున్న నగరానికి, కన్నబిడ్డను గుర్తించడానికి దశాబ్దాలు తీసుకున్న నగరానికి నడుమ ఉన్న ఆ దూరాన్ని ప్రతిభ అనే ఒక్క మాటతో ఎవరూ వివరించలేరు.