ఎద్దుమైలారం రథశాలకు నలభై ఏళ్లు

తొలి ఏకాదశి నాటి పేలాల పిండి ఇంకా డబ్బాలో ఉండగానే మా మెతుకుసీమకు, అంటే మెదక్ ప్రాంతానికి, మరో పండుగ వచ్చింది. 1984 జూలై 19న ఇందిరాగాంధీ ఎద్దుమైలారంలో పునాదిరాయి వేసిన ఆయుధ కర్మాగారానికి 2024 జూలై 19తో నలభై ఏళ్లు నిండాయి. కాగితాల మీద దాని పేరు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మెదక్. మా నోట మాత్రం ఓడీఎఫ్. 2016లో ఉమ్మడి మెదక్ జిల్లా విడిపోయి మా సిద్దిపేట ఒక జిల్లా అయింది, ఎద్దుమైలారం సంగారెడ్డి జిల్లాలోకి పోయింది. పోతే పోనీ. అన్నదమ్ములు వేరుపడ్డా ఇంటి పండుగ ఇంటి పండుగే కదా! సిద్దిపేటలో కూర్చుని 'మన ఓడీఎఫ్' అని గర్వంగా రాస్తున్నాను.

అప్పుడు ఇందిర మెదక్ ఎంపీ, దేశానికి ప్రధాని. పునాది పడిన మూడు నెలలకే ఆమె లేకుండా పోయారు. ఇక్కడి నుంచి తొలి వాహనం తయారై కదిలింది 1987 ఆగస్టులో. సైనికులను మోసే రష్యన్ల యుద్ధ వాహనం బీఎంపీ-2కు మనవాళ్లు విజయరథమన్న అర్థంలో పెట్టుకున్న పేరు సారథ్. మొదట్లో విడిభాగాలు సోవియట్ నుంచి వస్తే ఇక్కడ బిగించారు. 1999 నాటికి దాదాపు తొంభై శాతం మన దేశంలోనే తయారయ్యే స్థితికి తెచ్చారు. పద్నాలుగు టన్నులు దాటిన ఉక్కు బండి, సిబ్బంది ముగ్గురు, వెనుక ఏడుగురు సైనికులు. నీళ్లలోకి దిగితే మునగదు, చైన్లతోనే ఈదుకుంటూ ఒడ్డు చేరుతుంది. చైన్ల బలమేమిటో మా రైతులకు ఒకరు చెప్పనక్కర్లేదు. వానకాలం కోతల్లో టైర్ల మిషన్ దిగబడిపోయే పొలంలోకి చైన్ మిషన్ దర్జాగా దిగి వరి కోసుకొస్తుంది. బరువంతా నాలుగు టైర్ల మీద కాక పొడుగాటి చైన్ల మీద పరుచుకుంటుంది కాబట్టి నేల దాన్ని మోస్తుంది.

సారథ్ గురించి చాలామంది రాశారు. నాకు మరీ ఇష్టమైంది దాని తమ్ముడు, అంతగా పేరు రాని మోర్టార్ వాహనం. దాని గొప్పతనం తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఫిరంగికి బలం ఎక్కువ, కాళ్లు తక్కువ. మన సైన్యం వాడిన 130 మిల్లీమీటర్ల ఎం-46 ఫిరంగి ఇరవై ఏడు కిలోమీటర్ల దూరం కొట్టగలదు. కానీ దాని బరువు ఏడున్నర టన్నుల పైమాటే. లారీకి తగిలించి లాక్కుపోవాలి, విప్పాలి, నిలబెట్టాలి. కాల్చాక మళ్లీ తగిలించేలోపు శత్రువు గుండు అక్కడికే వచ్చి పడవచ్చు. అందుకే చాలా దేశాలు ఒక ఉపాయం పట్టుకున్నాయి: ట్యాంకు తల తీసేసి, మొండెం మీద ఫిరంగి కూర్చోబెట్టడం. 1980లలో చెన్నై దగ్గరి ఆవడిలో మన ఇంజినీర్లు విజయంత ట్యాంకు మొండెం మీద ఎం-46ను ఎక్కించారు. పేరు కాటపుల్ట్. సుమారు 170 తయారయ్యాయి. ట్యాంకుగా వయసు మీరుతున్న మొండానికి ఫిరంగి మోసే కొత్త ఉద్యోగం దొరికింది.

ఈ ఉపాయం పాతదే. రెండో ప్రపంచ యుద్ధంలోనే అమెరికా వాళ్లు ట్యాంకు మొండెం మీద 105 మిల్లీమీటర్ల ఫిరంగి పెట్టి తయారుచేసిన బండిని బ్రిటిష్ సైనికులు 'ప్రీస్ట్' అన్నారు. 1942లో ఎల్ అలమీన్ ఎడారిలో అది పోరాడింది. 1944 ఆగస్టులో నార్మండీలో కెనడా సైన్యం ఆ బండ్లలోంచే ఫిరంగులు ఊడబీకి, ఆ ఖాళీలో సైనికులను కూర్చోబెట్టి, కంగారూ అని పిలుచుకుంది. ఫిరంగి దిగితే మనుషులు ఎక్కారు.

ఎద్దుమైలారంలో జరిగింది దీనికి తిరగేసిన కథ. ఇక్కడ మనుషులు దిగిన చోట ఫిరంగి ఎక్కింది. మామూలు ట్యాంకుకు ఇంజన్ వెనుక ఉంటుంది, సారథ్‌కు ముందుంటుంది. ఆ వెనుక గది ఖాళీయే వరమైంది. పైన తిరిగే తల తీసేసి, సైనికుల గదిలో 81 మిల్లీమీటర్ల మోర్టార్ నిలబెట్టి, కప్పుకు తెరుచుకునే తలుపులు పెట్టారు. తలుపులు తెరిస్తే ఆకాశమే గురి. ఐదు కిలోమీటర్ల దాకా కొడుతుంది, నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది గుండ్లు. లోపల 108 గుండ్లు మోస్తుంది. తొలి నమూనా 1997లో పూర్తయింది. చెప్పడం సులువే. మోర్టార్ గుండును ఎంత బలంగా పైకి విసిరితే అంత దెబ్బ కిందికీ తగులుతుంది. నేల మీద పెడితే ఆ దెబ్బను భూమి ఓర్చుకుంటుంది. బండిలో పెడితే దాని అడుగు ఓర్చుకోవాలి, గుండు గుండుకూ. ఆ ఓర్పును ఉక్కులో పోసిన వెల్డర్లకు, ఫిట్టర్లకు, గీతలు గీసిన ఇంజినీర్లకు చేతులెత్తి మొక్కుతున్నాను.

ఇదే సారథ్ మొండెం అంబులెన్స్‌గానూ మారింది. హైదరాబాద్ శాస్త్రవేత్తల నాగ్ క్షిపణిని మోసే నామికా కూడా దీని మీద రూపుదిద్దుకున్నదే. సారథ్ పేల్చే కొంకుర్స్ క్షిపణిని తయారుచేసే భారత్ డైనమిక్స్ (బీడీఎల్) భానూరు కర్మాగారం కూడా మన ఉమ్మడి జిల్లాదే. మరో సంగతి: 2008లో ఐఐటీ హైదరాబాద్ మొదలైనప్పుడు తల దాచుకున్నది ఓడీఎఫ్ ఆవరణలోనే. కందిలోని సొంత ఇంటికి మారేదాకా, ఏడేళ్లు, ఆ పిల్లలకు నీడనిచ్చింది.

2021 అక్టోబరు 1న పాత ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు పోయి, ఓడీఎఫ్ ఆవడి కేంద్రంగా ఉన్న ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వచ్చింది. గేటు మీద పేరు ఏదైనా, లోపల చేతులు అవే.

ఓడీఎఫ్ అన్నలకు, అక్కలకు, రిటైరై టౌన్‌షిప్ వదిలిన పెద్దలకు నలభై ఏళ్ల పండుగ శుభాకాంక్షలు. సన్మానమంటే శాలువాలు కప్పడం రివాజు. సిద్దిపేట వాడిగా నాకో కోరిక ఉంది. ఆ వేదిక మీద అక్కలకు మా నేతన్నలు నేసిన గొల్లభామ చీరలు పెట్టాలి. ఒక్కో బుట్టా చేత్తో ఎత్తి నేసినవాళ్ల చీర, ఒక్కో అతుకు చేత్తో వేసినవాళ్లకు.